జోగ్ జలపాతం, హందిగోడు ఊరు

సాగర అని కర్ణాటకలో ఒక ఊరుంది. శివమొగ్గ జిల్లా. పేరు చెబితే మనవాళ్ళకి వెంటనే తట్టదు గానీ, జోగ్ జలపాతం అంటే తెలియనివాళ్ళుండరు కదా! ఆ జోగ్‌కి వెళ్ళాలంటే దిగాల్సిన ఊరు ఇదే. రాత్రి బెంగళూరులో తాళగుప్ప రైలెక్కి పడుకుంటే తెల్లారేసరికి సాగరలో ఉంటాం. అక్కణ్ణించి జోగ్ ముప్ఫై కిలోమీటర్లు. మేం 2025 దసరా సెలవుల్లో వెళ్ళొచ్చాం. నేనూ మావారూ, మా అక్క, అక్క కూతురూ అల్లుడూ, మొత్తం అయిదుగురం.

ఆ ప్రాంతాన్ని మలెనాడు అంటారు. కొండల నాడు అని అర్థం. ఎటు చూసినా పచ్చదనమే. రోడ్డుకి రెండువైపులా వక్కతోటలు, వాటి మొదట్లో మిరియాల తీగెలు, మధ్యమధ్య వరిమళ్ళు. మన కోనసీమ కొబ్బరితోటల్ని తీసుకెళ్ళి కొండల మధ్య దింపినట్టుంటుంది. కాకపోతే కొబ్బరిచెట్టు కొంచెం వంగి నీడనిస్తుంది. వక్కచెట్టు మాత్రం సన్నగా, నిటారుగా, బడిలో వరసలో నిలబెట్టిన పిల్లల్లా ఉంటుంది. గాలికి అన్నీ ఒక్కసారే ఊగుతుంటే చూడ్డానికి రెండు కళ్ళూ చాలవు.

మేం హోటల్లో దిగకుండా వక్కతోట ఉన్న ఒకరింట్లో దిగాం. ఇప్పుడు అక్కడ చాలామంది ఇంట్లో రెండు గదులు అతిథులకిస్తున్నారు. ఇంటావిడ మా వయసుదే. పొద్దున్నే అరిటాకులో వేడివేడి దోసెలు, మధ్యాహ్నం తంబుళి. ఈ తంబుళి సంగతి మీకు చెప్పి తీరాలి. గుప్పెడు సరస్వతి ఆకు, అర చెంచా జీలకర్ర, నాలుగు మిరియాలు నేతిలో వేయించి, రెండు చెంచాల పచ్చికొబ్బరి కలిపి మెత్తగా రుబ్బాలి. దాన్ని పల్చటి మజ్జిగలో కలిపి ఉప్పేసి, ఆవాలు ఎండుమిరపకాయ పోపు పెట్టడమే. పొయ్యిమీద పెట్టి మరిగించకూడదు. మన మజ్జిగపులుసుకి చెల్లెలనుకోండి. ఇంకోటి తొడెదేవు అని ఉంది. బోర్లించిన కుండ కింద మంట పెట్టి, చెరకురసంతో కలిపిన పల్చటి బియ్యప్పిండిని ఆ కుండ మీద పూసి, కాగితంలా ఊడదీస్తారు. ఇంకేం, మన ఆత్రేయపురం పూతరేకులే! మా అక్క రెండు డబ్బాలు కొని, అవి విరగకుండా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

జోగ్ గురించి ఎంత విన్నా తక్కువే. శరావతి నది 253 మీటర్ల ఎత్తునుంచి, అంటే 830 అడుగుల పైనుంచి, నాలుగు పాయలుగా దూకుతుంది. రాజా, రాణి, రోరర్, రాకెట్ అని నాలుగింటికీ పేర్లు. రాజా గంభీరంగా ఒకే దూకు దూకుతాడు, రాణి రాళ్ళమీద నాట్యం చేస్తూ దిగుతుంది. పైన లింగనమక్కి ఆనకట్ట 1964లో పూర్తయింది. నీళ్ళు చాలావరకు కరెంటు తియ్యడానికి పోతాయి కాబట్టి ఎండాకాలం వెళితే సన్నటి ధారలే కనిపిస్తాయి. జూలై నుంచి అక్టోబరు లోపల వెళ్ళండి. మేం వెళ్ళినప్పుడు నాలుగూ కనిపించాయి. మబ్బు వచ్చి కప్పేస్తుంది, రెండు నిమిషాల్లో తెర తీసినట్టు తొలగిపోతుంది. అరగంటసేపు అదే ఆట.

పైనుంచి చూడ్డానికి చక్కటి గట్టు కట్టారు, కటకటాలున్నాయి. నీళ్ళు పడేచోటికి వెళ్ళాలంటే మెట్లున్నాయి, సుమారు పధ్నాలుగు వందలంటారు. వానలప్పుడు అవి మూసేస్తుంటారు, గేటు దగ్గర అడిగి తెలుసుకోండి. మెట్ల మాట రాగానే పక్కనున్న ఎవరో పెద్దావిడ మా అక్క కూతుర్ని చూసి, "వయసులో ఉన్నదానివి, నువ్వు చకచకా దిగి రాగలవమ్మా, మాలాంటివాళ్ళకే కష్టం" అంది తెలుగులోనే. పిల్ల నవ్వి ఊరుకుంది. బెంచీ మీంచి లేచేటప్పుడు మాత్రం నా భుజం పట్టుకుంది.

దానికి ఇరవై ఏడేళ్ళు. కుడి తుంటి కీలు అరిగింది. డాక్టర్లు ఆస్టియో ఆర్థ్రైటిస్ అన్నారు. మనం వాడుకలో గుజ్జు అరిగిపోయింది అంటామే, అదే. అరవై దాటిన అత్తగార్లకీ అమ్మలకీ వచ్చేదని మనమంతా అనుకునే జబ్బు.

దానికెందుకు వచ్చిందంటే, పుట్టుకలోనే ఉందట కారణం. తుంటి కీలు రుబ్బురోలు లాంటిది. కటి ఎముకలో గుంట రోలు, తొడ ఎముక గుండ్రటి తల పొత్రం. గుంట సరిపడా లోతుంటే పొత్రం లోపల నున్నగా తిరుగుతుంది. కొంతమంది పిల్లల్లో ఆ గుంట లోతు తక్కువగా ఉండిపోతుంది. అప్పుడు బరువంతా అంచుమీదే పడుతుంది. ఎముకల చివర్న లేత కొబ్బరిలాంటి నున్నటి పొర ఉంటుంది. అంచుమీద ఒరుసుకుని ఒరుసుకుని ఆ పొర పల్చబడిపోతుంది. దానికి రక్తనాళాలు లేవు, కాబట్టి చెయ్యి తెగితే పుండు మానినట్టు అది మానదు. నరాలూ లేవు, కాబట్టి అరుగుతున్న సంగతి మొదట్లో మనకి తెలియదు. చుట్టుపక్కల పొరలూ ఎముకా దెబ్బతిన్నాకే నొప్పి మొదలవుతుంది.

ఆడపిల్ల, తొలిచూలు, ఎదురుకాళ్ళతో పుట్టడం. ఈ మూడూ ఉన్న పిల్లల్లో తుంటి గుంట ఇలా ఉండే అవకాశం ఎక్కువని డాక్టరు చెప్పాడు. మా పిల్లకి మూడూ ఉన్నాయి. ఎదురుకాళ్ళంటే మన ఊళ్ళల్లో ఎంత గొప్పో మీకు తెలుసుగా! ఎవరికి నడుం పట్టేసినా, "ఎదురుకాళ్ళ పిల్లని పిలవండర్రా" అని దీన్ని పిలిపించి నడుంమీద కాలితో తాటించుకునేవాళ్ళు. నాలుగైదేళ్ళ పిల్ల, గంభీరంగా వచ్చి మూడుసార్లు తన్ని వెళ్ళేది. వీధిలో నడుంనొప్పులన్నీ పోగొట్టిన కాలు అది.

కాలేజీలో ఉండగానే గజ్జల్లో నొప్పి అనేది. ఒక్కోసారి మోకాల్లో అనేది. తుంటి కీలు నొప్పి మోకాలికి దిగడం మామూలేనట, అప్పుడు మాకెవరికీ తెలియదు. ఎవరికి చెప్పినా ఒకటే మాట, "ఈ వయసులో నీకేం నొప్పులు?" పెళ్ళయ్యాక కింద కూర్చుని వత్తులు చెయ్యలేకపోతే, వ్రతానికి పీటమీంచి లేవడానికి ఆలస్యమైతే అత్తవారింట్లోనూ అదే మాట, ఇంకొంచెం దీర్ఘం తీసి. ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్ళడానికి పట్టింది ఆరేళ్ళు. ఎక్స్‌రే తీసిన రోజు పిల్ల ఏడవలేదు, "హమ్మయ్య, నాది నాటకం కాదని తేలింది పిన్నీ" అని నాకు ఫోన్ చేసింది. ఆ మాట వింటే నా ప్రాణం ఉసూరుమంది. జబ్బుందని తెలిసి సంతోషించే స్థితికి తెచ్చాం పిల్లని.

ఇక అసలు సంగతికొస్తాను. మేం దిగిన ఇంట్లో సాయంకాలం వక్కలు ఒలిచే పని జరుగుతోంది. అక్కడ అక్టోబరు నుంచి అదే సందడి. ముంగిట్లో చాప పరిచి ఆడవాళ్ళు కూర్చుంటారు. చెక్క పీటకి బిగించిన కొడవలి ముందు పెట్టుకుని, పచ్చి వక్కకాయని దానికి ఆనించి రెండు మూడు తిప్పుల్లో తొక్క తీసేస్తారు. చేతులు ఆగవు, కబుర్లూ ఆగవు. మనింట్లో అప్పడాలు ఒత్తుకునేటప్పటి సందడే. పదిమందిలో ఒకావిడ మాత్రం చాపమీద కాకుండా ఎత్తుగా ఒక మొద్దుమీద కూర్చుని ఉంది. ముప్ఫై రెండు, ముప్ఫై మూడేళ్ళుంటాయి. ఆవిడ కోసమే కొడవలి పీట కింద ఇటుకలు పెట్టి ఎత్తు చేశారు.

మా పిల్ల ఆవిణ్ణే చూస్తోంది. కాసేపటికి కుర్చీ లాక్కుని ఆవిడ పక్కకి చేరింది. బెంగళూరులో ఉంటోంది కాబట్టి కన్నడం బాగానే వచ్చు. "ఇక్కడా అక్కా?" అని తన గజ్జల దగ్గర చెయ్యి పెట్టి చూపించింది. ఆవిడ కొడవలి ఆపి, "ఇక్కడే. నీకెలా తెలుసు?" అంది. తర్వాత ఇద్దరూ మమ్మల్ని మర్చిపోయారు. మెట్లెక్కేటప్పుడు ఏ కాలు ముందు పెడతావు, పక్కమీద ఎటు తిరిగి పడుకుంటావు, బస్సు మెట్టు ఎత్తుగా ఉంటే ఏం చేస్తావు... ఇవే ప్రశ్నలు. నేను పక్కనే కూర్చుని విన్నాను. భాష సగమే అర్థమైంది, మిగతాది పిల్ల తర్వాత చెప్పింది.

ఆవిడది హందిగోడు వైపు కుటుంబం. ఆ పేరు నేను అంతకుముందు వినలేదు. హందిగోడు సాగర తాలూకాలోనే ఒక చిన్న ఊరు. 1975 ప్రాంతంలో అక్కడి దళిత కూలీల ఇళ్ళల్లో వయసులో ఉన్నవాళ్ళకి తుంటి కీళ్ళు, మోకీళ్ళు నొప్పులతో పట్టేస్తున్నాయని బయటపడింది. కొందరు కర్ర లేకుండా నడవలేరు. కొందరు ఎత్తు ఎదగక పొట్టిగా ఉండిపోయారు. తర్వాత ఆ జిల్లాలో ఇంకా కొన్ని ఊళ్ళల్లో, పక్కనున్న చిక్కమగళూరు జిల్లాలో కూడా కనిపించింది. దానికి హందిగోడు జబ్బు అనే పేరు స్థిరపడిపోయింది.

మనకి సంబంధించిన సంగతి ఒకటుంది ఇందులో. దాన్ని పరిశీలించడానికి వెళ్ళింది మన హైదరాబాదు తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు. కృష్ణమాచారి, భట్ అనే ఇద్దరు 1978లో దీని గురించి రాస్తూ మలెనాడు కుటుంబ కీళ్ళవాతం అన్నారు. అప్పట్లో అనుమానమంతా తిండిమీదే. పొలాల్లో కొత్తగా పురుగుమందులు చల్లడం మొదలైంది. కూలీలు ఆ మళ్ళల్లోనే పీతలు, చేపలు పట్టుకుని వండుకునేవాళ్ళు. ఆ పీతల వల్లే కీళ్ళు పోతున్నాయనుకున్నారు. తర్వాత భారత వైద్య పరిశోధనా మండలి తరఫున డాక్టర్లు ఇంటింటికీ వెళ్ళి, ఎక్స్‌రేలు తీసి, ఎవరి అమ్మ ఎవరు, ఎవరి తాత ఎవరు అని వంశవృక్షాలు గీశారు. అప్పుడు తేలింది, ఇది ఎముకల ఎదుగుదలలో పుట్టుకతో వచ్చే తేడా అని. తల్లిదండ్రుల్లో ఒక్కరికి ఉన్నా ప్రతి బిడ్డకీ వచ్చే అవకాశం సగానికి సగం. ఎముక చివర సరిగ్గా తయారవ్వదు, దాంతో కీలు పడుచు వయసులోనే అరిగిపోతుంది. నయం చేసే మందు లేదు. నొప్పికి మందులు, వ్యాయామం, మరీ ఎక్కువైతే కీలు మార్పిడి.

చూశారా, కారణాలు వేరు. మా పిల్లకి గుంట లోతు లేక వచ్చింది, ఆవిడకి వంశంలో వచ్చింది. చివరికి అరిగింది అదే పొర, నొప్పి అదే చోట.

"మీ ఊరిపేరే జబ్బుకి పెట్టారా?" అని మా పిల్ల అడిగితే ఆవిడ ముఖం చిన్నబోయింది. "జబ్బుకి ఊరి పేరు పెట్టారు, ఊరికి జబ్బు పేరొచ్చింది. మా వైపు అని చెబితే సంబంధాలకొచ్చినవాళ్ళు ముందు నడిచి చూపించమంటారు" అందట. ఆవిడ నాన్నకీ మేనత్తకీ ఉంది. ఆవిడకి ఎనిమిదేళ్ళ కొడుకున్నాడు. మేం మాట్లాడుకుంటుంటే వక్కల గుట్టమీద జారుతున్నాడు, ఇంటావిడ కోప్పడుతోంది. తల్లి వాడి ఆట చూడ్డంలేదు, వాడి నడక చూస్తోంది. అది మాత్రం భాష రాకపోయినా నాకర్థమైంది.

పిల్ల అడిగింది, "నొప్పి అంటే మీ ఇంట్లో నమ్మేవాళ్ళా?" అని. ఆవిడకి ఆ ప్రశ్నే అర్థం కాలేదు. "నమ్మకపోవడమేమిటి? మా నాన్న నడక చూస్తూ పెరిగాను. నాకు పదహారేళ్ళప్పుడు తుంటి నొప్పి అంటే మా అమ్మ ఏమీ అనలేదు, నీళ్ళబిందె తను తీసుకుంది" అంది. మా అక్క అప్పటిదాకా వక్కలు ఒలవడం నేర్చుకుంటానని కూర్చున్నదల్లా, పిల్ల ఈ మాట తెలుగులో చెప్పగానే లేచి లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు ఇక్కేరి వెళ్ళొచ్చేటప్పుడు డ్రైవరు, "హందిగోడు ఇటే, చూస్తారా?" అన్నాడు. వద్దన్నాం. గుడికి వెళ్ళి దేవుణ్ణి చూస్తాం గానీ, ఊరికి వెళ్ళి జబ్బుని చూడ్డమేమిటి?

ఈ ప్రయాణంలో విన్నవీ, పిల్లతో ఆస్పత్రుల చుట్టూ తిరిగినప్పుడు తెలిసినవీ కొన్ని మీతో చెబుతాను, ఏ ఇంట్లోనైనా పనికొస్తాయి. పడుచువాళ్ళలో కీలు అరగడానికి పుట్టుక ఒక్కటే కారణం కాదు. కబడ్డీలోనో స్కూటర్ మీంచి పడో మోకాల్లో నరం తెగిందంటారే, అది నిజానికి ఎముకల్ని కలిపి ఉంచే కట్టు. వాపు తగ్గింది కదా అని వదిలేస్తే పది పదిహేనేళ్ళకి ఆ మోకాలు అరుగుదలకి రావచ్చు. బరువు ఇంకో కారణం. ఒక కిలో తగ్గితే మోకాలిమీద అడుగడుక్కీ నాలుగు కిలోల భారం తగ్గుతుంది, ఇది కొలిచి చూసిన లెక్క. పొద్దున్న లేవగానే కీళ్ళు పట్టేసి, చేతివేళ్ళు వాచి, గంటైనా వదలకపోతే అది అరుగుదల కాకపోవచ్చు, కీళ్ళవాతంలో ఇంకో రకం కావచ్చు. దానికి మందులు వేరు, ఆలస్యం చెయ్యకూడదు. అరుగుదలలో పట్టేయడం సాధారణంగా అరగంటలోపే సర్దుకుంటుంది, నడిచేకొద్దీ, పనిచేసేకొద్దీ నొప్పి పెరుగుతుంది.

మరి ఇంత చిన్నవాళ్ళకి కీలు మార్చేయొచ్చు కదా అంటారేమో. మార్చిన కీలు పదిహేను ఇరవై ఏళ్ళు, కొందరికి ఇంకా ఎక్కువే వస్తుంది. కానీ ఇరవై ఏడేళ్ళ పిల్లకి మార్చితే మళ్ళీ మార్చాల్సి రావచ్చు. అందుకని వీలైనంత వాయిదా వేస్తారు. తుంటి చుట్టూ కండరాలు గట్టిపడే వ్యాయామం రోజూ చేయిస్తున్నారు మా పిల్ల చేత. నొప్పి కదా అని మంచంమీద పడుకోబెట్టడం తప్పట, కండ బలహీనపడితే బరువంతా కీలుమీదే పడుతుంది. ఈత, సైకిలు మంచివి. వంటింట్లో ఎత్తు స్టూలు, మంచాలకి కింద చెక్కదిమ్మలు, కమోడ్ దొడ్డి. మా పిల్ల అత్తగారు ఆ స్టూలుకి తనే మెత్త కుట్టించి ఇచ్చింది, చెప్పుకోవాలి కదా.

ఇంట్లో పసిపిల్లలుంటే ఇదొక్కటి గుర్తుపెట్టుకోండి. పసిగుడ్డుని కాళ్ళు రెండూ నిటారుగా చాపి, దగ్గరగా పెట్టి బిగించి గుడ్డ చుట్టకూడదు. కాళ్ళు కప్పలా మడుచుకుని వెడల్పుగా ఉండటమే తుంటికి మంచిది. మనవాళ్ళు బిడ్డని చంకనేసుకుంటారు చూడండి, కాళ్ళు అటొకటీ ఇటొకటీ వేసి, అది తుంటి గుంట బాగా తయారవ్వడానికి చాలా మంచిదట! ఎదురుకాళ్ళతో పుట్టిన బిడ్డకి, ముఖ్యంగా ఆడపిల్లకి, ఆరు వారాలప్పుడు తుంటికి స్కానింగు చేయించండి. అప్పుడే తెలిస్తే మెత్తటి పట్టీలు కట్టి కొన్ని వారాల్లో సరిచేస్తారు.

మళ్ళీ ఊరి కబుర్లకి వద్దాం. ఇక్కేరి అఘోరేశ్వరుడి గుడి సాగరకి దగ్గర్లోనే, పదహారో శతాబ్దంలో కెళది నాయకులు కట్టించింది. ముందు మండపంలో నంది ఎంత పెద్దదంటే, దాని ముందు మనిషి పసిపిల్లలా కనిపిస్తాడు. గుడికి కొద్ది మెట్లే, మా పిల్ల అల్లుడి చెయ్యి పట్టుకుని ఎక్కేసింది. కెళది రామేశ్వర ఆలయంలో పైకప్పు మీద గండభేరుండం చెక్కారు, తల ఎత్తి చూడ్డం మర్చిపోకండి. ఔరంగజేబుకి భయపడకుండా శివాజీ కొడుకు రాజారాంకి ఆశ్రయమిచ్చిన రాణి చెన్నమ్మ ఈ కెళది రాణే. సిగందూరు చౌడేశ్వరి అమ్మవారి దగ్గరికి ఇదివరకు లాంచీ కోసం గంటల తరబడి నిలబడాల్సి వచ్చేది. 2025 జూలైలో శరావతి వెనకనీళ్ళ మీద రెండున్నర కిలోమీటర్ల వంతెన తెరిచారు. ఇప్పుడు కారులోనే వెళ్ళిపోవచ్చు, మోకాళ్ళనొప్పులవాళ్ళకి పెద్ద వరం.

సాగర బజారులో గుడిగార్లు చెక్కిన గంధపుచెక్క బొమ్మలుంటాయి, బేరమాడి తీసుకోండి. మామిడి పిందెల ఊరగాయ ఒక సీసా తప్పనిసరి. మీతో కీళ్ళనొప్పులవాళ్ళెవరైనా ఉంటే, చిన్నవాళ్ళైనా సరే, రైలు టిక్కెట్టు తీసుకునేటప్పుడే కింది బెర్తు అడగండి. తిరుగు రైలు రాత్రి భోజనాల వేళకి సాగర వస్తుంది. ఆగేది కొద్దిసేపే కాబట్టి ఒక అరగంట ముందే ప్లాట్‌ఫారం మీద ఉండటం మంచిది.